జరీ పోకుండా బరువు తగ్గించాలంటే

బెంగళూరు చిక్‌పేటలో పట్టుచీరల దుకాణం నడిపే ధర్మవరం ఆయన తన వెబ్‌సైటు కాస్త చూడమని పిలిచాడు. ఆయన దగ్గర కొనేవాళ్లలో చాలామంది అనంతపురం, హిందూపురం, కడప వైపువాళ్లు. ఫోన్లోనే చీర చూసి, వాట్సాప్‌లో బేరమాడతారు. సైటు తెరిస్తే తెల్లటి పేజీ, మధ్యలో తిరుగుతూనే ఉన్న చక్రం. ఫోన్ కెమెరాలో తీసిన ఫొటోలను తీసినవి తీసినట్టే ఎక్కించేశారు. ఒక్కొక్కటి నాలుగు మెగాబైట్లు. తగ్గిద్దామన్నాను. "తగ్గిస్తే జరీ కనపడదు సార్. జరీ కనపడకుంటే చీర ఎవురు కొంటారు?" అన్నాడాయన.

న్యాయమైన ప్రశ్న. సైట్లు కట్టేవాళ్లలో ఎక్కువమంది ఈ ప్రశ్న వేసుకోరు. ఏదో ఒక ఉచిత సాధనంలో బొమ్మలన్నీ పోసి, వచ్చినదాన్ని పెట్టేస్తారు. ఏం తీసేస్తే కంటికి తెలియదో, ఏం తీసేస్తే సరుకే చెడుతుందో తెలిసి తీయడమే ఈ పనిలోని నేర్పంతా. అందుకు లోపల జరిగేది కొంత తెలియాలి.

12 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు బైట్లు. మొత్తం 36 మెగాబైట్లు. దాన్ని కెమెరా నాలుగు మెగాబైట్ల జేపెగ్‌గా ఇస్తోందంటే అప్పటికే తొమ్మిదో వంతుకు దించేసిందన్నమాట. ముందుగా వెలుగునూ రంగునూ విడదీస్తుంది. మన కన్ను వెలుగునీడల్లోని సన్నదనాన్ని పట్టినంత బాగా రంగుల్లోని సన్నదనాన్ని పట్టలేదు. అందుకని రంగు వివరాన్ని సాధారణంగా అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి నాలుగో వంతే ఉంచుతుంది. తర్వాత బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో 64 చుక్కలు. వాటిని ఉన్నవున్నట్టు రాయకుండా 64 నమూనాల కలయికగా రాస్తుంది. మొదటి నమూనా చారలేమీ లేని ఒకే ఛాయ. పోనుపోను చారలు సన్నబడి, చివరిది బాగా చిన్న గళ్లు. మామూలు ఫొటోలో ఆ సన్న నమూనాల పాలు దాదాపు సున్నా. ఒక్కో పాలును ఒక అంకెతో భాగించి సర్దేస్తే చాలా భాగం సున్నాలే మిగులుతాయి. వరుస సున్నాలను చిన్న గుర్తుతో రాయొచ్చు. మనం క్వాలిటీ 80 అని, 60 అని పెట్టే అంకె నిర్ణయించేది ఆ భాజకాన్నే.

ఈ నమూనాల గణితం పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డీసీటీ. దాన్ని ఆలోచించినాయన మా ఊరివాడు. నాసిర్ అహ్మద్ 1940లో బెంగళూరులో పుట్టారు. విశ్వేశ్వరయ్య పేరుతో కె.ఆర్. సర్కిల్ దగ్గరున్న ఇంజనీరింగ్ కాలేజీలో చదువు ముగించి అమెరికా వెళ్లారు. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ 1972లో ఈ ఆలోచనకు నిధులివ్వమని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగారు. రాలేదు. ఇది మరీ తేలికైన విషయంలా ఉందని ఒక సమీక్షకుడు అన్నట్టు తర్వాత ఆయనే రాసుకున్నారు. అయినా 1973 వేసవంతా ఆ పనికే ఇచ్చారు. తోడుగా పరిశోధక విద్యార్థి టి. నటరాజన్, మిత్రుడు కె.ఆర్. రావు. 1974 జనవరిలో ఐఇఇఇ పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది. నాలుగంటే నాలుగు పేజీలు. 1992లో జేపెగ్ ప్రమాణం ఆమోదం పొందినప్పుడు దాని నడుమ ఉన్నది ఆ లెక్కే.

కె.ఆర్. రావు పూర్తి పేరు కమిశెట్టి రామమోహన్ రావు. తెలుగు ఇంటిపేరు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు బోధించి, 2021లో కన్నుమూశారు. కోరమంగళలోనూ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనూ సైట్లు కట్టే పిల్లలకు ఈ మూడు పేర్లూ ఉద్యోగంలో చేరిన రోజే చెప్పాలంటాను. తమ చేతిలోని పనిముట్టు ఎవరి ఆలోచనో తెలిస్తే దాన్ని వాడే తీరు మారుతుందని నా గట్టి నమ్మకం.

డీసీటీకి చేతకానిదీ ఉంది, అది తెలుగువాళ్లకు బాగా తగిలే చోటు. అక్షరం అంచున నలుపు నుంచి తెలుపుకు ఒక్కసారిగా దూకుతుంది. ఆ దూకుడును చూపాలంటే సన్న నమూనాలన్నీ కావాలి. జేపెగ్ కోసేది సరిగ్గా వాటినే. అందుకే అక్షరాల చుట్టూ బూడిదరంగు నలకలు లేస్తాయి. పెద్ద ఇంగ్లీషు అక్షరాలు ఎలాగో తట్టుకుంటాయి. మన ఒత్తులు తట్టుకోలేవు. 'స్త్ర'లో, 'క్ష్మ'లో కిందనున్న ఒత్తు కొన్ని చుక్కల ఎత్తే ఉంటుంది, నలకల్లో కలిసిపోతుంది. పెళ్లి శుభలేఖ నాలుగు చేతులు మారేసరికి ముహూర్తం చదవలేకపోవడానికి కారణమిదే. మళ్లీ సేవ్ చేసి పంపినప్పుడల్లా అది ఇంకోసారి కుదింపుకు గురవుతుంది. అక్షరాలకూ గీతల బొమ్మలకూ లోగోలకూ 1996లో వచ్చిన పీఎన్‌జీ తగినది. అది దేన్నీ పారేయదు. అదే పీఎన్‌జీలో చీర ఫొటో పెడితే జేపెగ్‌కు ఎన్నో రెట్లు ఉబ్బుతుంది.

ఫొటోలకు జేపెగ్ తర్వాత వచ్చిన రూపాలూ ఉన్నాయి. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ పక్క గళ్లను చూసి ఈ గడి ఎలా ఉండొచ్చో ఊహించి, తేడాను మాత్రమే రాస్తుంది. అదే నాణ్యతకు జేపెగ్ కంటే 25 నుంచి 34 శాతం చిన్నదవుతుందని గూగుల్ లెక్క. ఐఫోన్ సఫారీ 2020లో గానీ దాన్ని ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. అయితే మామూలు వెబ్‌పీ రంగును ఎప్పుడూ నాలుగో వంతే ఉంచుతుంది. పసుపు మీద ఎర్రటి అక్షరాలున్న పోస్టరులో, ఎర్రంచు పక్కన బంగారు జరీలో అంచులు అలుక్కుపోయేది అందుకే. 2019లో వచ్చిన ఏవీఐఎఫ్, ఏవీ1 అనే వీడియో కుదింపు పద్ధతి నుంచి పుట్టింది. ఇంకా చిన్నదవుతుంది, రంగును పూర్తిగానూ దాచగలదు. కానీ కుదించడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. క్వాలిటీ బాగా తగ్గిస్తే నేతను నున్నగా చేసేస్తుంది. చీర చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, జరీ మాత్రం రంగు పూసినట్టుంటుంది. మరో మాట: జేపెగ్‌లో 60, వెబ్‌పీలో 60, ఏవీఐఎఫ్‌లో 60 ఒకటి కావు. అంకెను నమ్మకుండా బొమ్మను దాని అసలు పరిమాణంలో చూసి తేల్చుకోవాలి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని కొలత తగ్గించడం. 4000 చుక్కల వెడల్పున్న ఫొటో ఏ రూపంలో వచ్చినా, ఫోన్ దాన్ని విప్పాక చుక్కకు నాలుగు బైట్ల చొప్పున 48 మెగాబైట్ల మెమరీ తింటుంది. వెబ్‌పీ పెట్టినంత మాత్రాన ఆ భారం తగ్గదు. ఫోన్ తెరకు 1200 చుక్కల వెడల్పు సాధారణంగా సరిపోతుంది. చిక్‌పేటలో అదే చేశాం. చీర మొత్తం కనపడే చిన్న ఏవీఐఎఫ్ ఒకటి, పాత ఫోన్లకు అదే జేపెగ్‌లో. పల్లూ, అంచు దగ్గరగా తీసిన ఫొటో వేరే, ఎక్కువ క్వాలిటీతో, వేలితో తాకితేనే దిగేలా. ఆయన తన ఇంట్లోని పాత ఫోన్లో తెరిచి, జరీని వేళ్లతో పెద్దది చేసి చూసుకుని, "ఇట్లయితే సరే సార్" అన్నాడు.

బరువు విషయంలో ఈ నగరం ఒక పాఠం నేర్చుకునే ఉంది. 2015 మేలో మింత్రా వెబ్‌సైటు మూసేసి యాప్‌కే పరిమితమైంది, మరుసటి ఏడు సైటును మళ్లీ తెరిచింది. ఫ్లిప్‌కార్ట్ కూడా మొబైల్ సైటు ఆపేసి, 2015 నవంబరులో క్రోమ్ బృందంతో కలిసి ఫ్లిప్‌కార్ట్ లైట్ అనే తేలికైన మొబైల్ సైటును తెచ్చింది. యాప్‌తో పోలిస్తే దానికి అయ్యే డేటా మూడో వంతేనని గూగుల్ ప్రకటించింది. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ శ్రద్ధ పలచబడింది. ఇది తప్పు. రైల్లో, ఊరి చివర, సాయంత్రం కిక్కిరిసిన టవరు కింద వేగం సెకనుకు 100 కిలోబిట్లకు పడిపోతే నాలుగు మెగాబైట్ల ఫొటో దిగడానికి ఐదు నిమిషాలు దాటుతుంది. అక్కడ కూర్చున్న మనిషి మన సరుకు కొనడానికో, మన మాట చదవడానికో వచ్చినవాడే. అతని సమయాన్ని, డబ్బును మన బద్ధకం తినడం నాకు ఒప్పదు.

తెలుగు సైట్లు నడిపేవాళ్లకు ఒక మనవి. సభల ఆహ్వానాలు, పరీక్షల ప్రకటనలు, పండుగ వంటల కొలతలు ఇకనైనా బొమ్మలుగా పెట్టకండి. యూనికోడ్‌లో టైపు చేసి పెట్టండి. పేజీడు తెలుగు వచనం పది కిలోబైట్లు కూడా దాటదు. ఒత్తులు చెదరవు, వెతికితే దొరుకుతుంది, చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపిస్తుంది.