బేరానికి ముందు రెండు నిమిషాలు

ఒకప్పుడు కెనడాలో సెక్స్ వర్క్ నేరం కాదు. దాని గురించి వీధిలో మాట్లాడితే మాత్రం నేరం! 1985లో తెచ్చిన ఈ చట్టం ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, దెబ్బ పడింది వాంకూవర్ డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ వీధుల్లో నిలబడే ఆడవాళ్ల మీద.

విటుణ్ని వాళ్లు అంచనా కట్టేది కారు ఎక్కేముందే. తాగి ఉన్నాడా, వెనక సీట్లో ఇంకొకడున్నాడా, ఎక్కడికి తీసుకెళ్తానంటున్నాడు, కండోమ్‌కి ఒప్పుకుంటాడా... ఇవన్నీ నిలబడి అడగాలి. అడుగుతూ నిలబడితే పోలీసులొస్తారు. అందుకని ముందు ఎక్కేసి తర్వాత మాట్లాడేవాళ్లు. అప్పటికి బండి కదిలిపోయేది.

ఆ వీధుల్లో మాయమైన చాలామంది ఆనవాళ్లు రాబర్ట్ పిక్టన్ అనేవాడి పందుల ఫారంలో దొరికాయి. అతని మీద మోపిన 26 హత్యల అభియోగాల్లో ఆరింటికే విచారణ జరిగి, 2007లో శిక్ష పడింది.

టెర్రీ జీన్ బెడ్‌ఫర్డ్, మరో ఇద్దరు మహిళలు వీధిలో మాట్లాడటాన్ని నేరం చేసిన ఆ సెక్షన్ మీద, సెక్స్ వర్క్‌ను కట్టడి చేసే మరో రెండు సెక్షన్ల మీద కోర్టుకెక్కారు. 2013 డిసెంబరు 20న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాట మీద ఆ మూడు సెక్షన్లూ కొట్టేశారు. ముందే మాట్లాడి చూసుకునే వీలు ఒక్క స్త్రీనైనా పిక్టన్ కారు ఎక్కకుండా ఆపగలిగి ఉంటే, ఆ చట్టం ఎంత హాని చేసిందో తేలిపోయినట్టేనని ప్రధాన న్యాయమూర్తి మెక్‌లాక్లిన్ రాశారు.

ఏడాది తిరక్కుండానే ఇంకో చట్టం వచ్చింది. ఈసారి కొనేవాడు నేరస్థుడు. అలాంటప్పుడు అసలు పేరు, ఫోను నంబరు చెప్పమంటే ఎవడు చెబుతాడు? ఆమెకి కావాల్సినవేమో సరిగ్గా అవే.

గుట్టు ఇద్దరికీ ఉంటుంది, కాదనలేం. ఆమె ఫోనులోని పేర్లు ఏ బ్లాక్‌మెయిలర్‌కో చిక్కితే కాపురాలు కూలతాయి. అయినా అతనికి పోయేది పరువు, ఆమెకి ప్రాణం. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వెయ్యడం అన్యాయం. చూసుకున్నాక ఆ వివరాలు తుడిచెయ్యమని అతను అడగొచ్చు. అసలు చెప్పనంటే ఆమె రానని చెప్పగలగాలి. వాంకూవర్‌లో చేతులు మారే ‘బ్యాడ్ డేట్’ కాగితాల్లో ఈ తేడా కనిపిస్తుంది. హింసించినవాడి పోలికలు, కారు వివరాలు అందులో రాస్తారు. ఫిర్యాదు చేసినామె పేరు రాయరు.

మన దేశంలో 1956 నాటి పీటా (వ్యభిచార వ్యాపార నిరోధక) చట్టంలోనూ బహిరంగంగా విటుణ్ని పిలవడం 8వ సెక్షన్ కింద నేరమే. సెక్స్ వర్కర్లకిచ్చే ఆధార్‌లో వాళ్ల పని బయటపెట్టే గుర్తేదీ ఉండకూడదని 2022 మేలో మన సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచిదే. 8వ సెక్షన్‌ను తీసెయ్యాలని 2006లో తెచ్చిన సవరణ బిల్లు మాత్రం చట్టం కాకుండానే మురిగిపోయింది.