లెక్కలో వదిలేసేవి

ట్రాన్స్‌మిషన్ లైన్ పాఠం ఏ పుస్తకంలోనైనా నాలుగు రాశులతో మొదలవుతుంది. తీగలో ఉండే రెసిస్టెన్స్, తీగ చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం వల్ల ఇండక్టెన్స్, తీగకీ తీగకీ మధ్య కెపాసిటెన్స్, ఇన్సులేషన్ మీదుగా జారిపోయే కరెంటుకి కండక్టెన్స్. ఆర్, ఎల్, సీ, జీ. పేజీ తిప్పేసరికి నాలుగోది మాయమవుతుంది, చాలా స్వల్పం కాబట్టి వదిలేయవచ్చంటారు. లైను 80 కిలోమీటర్ల లోపైతే మూడోదీ పోతుంది. మిగిలిన రెంటితో లెక్క హాయిగా తేలిపోతుంది, మార్కులూ పడతాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో (2024లో శ్రీవిజయపురం అయినా నా నోటికి పాత పేరే వస్తుంది) ఈ పాఠం చెప్పే నేను మాత్రం ఆ వదిలేసిన రెండిటి దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను. ఈ దీవుల్లో సముద్రం వాటిని వదిలెయ్యనివ్వదు.

ముందు జీ సంగతి. ఇక్కడి 33 కేవీ లైన్లలో ఏ స్తంభమూ ఉప్పుగాలికి మరీ దూరంగా ఉండదు. వానల్లేని నెలల్లో పింగాణీ ఇన్సులేటర్ మీద వేలితో రాస్తే బూడిదరంగు పొర వేలికి అంటుకుంటుంది. దుమ్మూ ఉప్పూ కలిసిన పొర అది. ఎండలో ఆ పొర చేసే హాని ఏమీ లేదు, పొడి ఉప్పు కరెంటును మోయదు. తెల్లవారుజామున మంచు పడి అది తడిసిందా, పింగాణీ అంచుల వెంట చిటపటమని సన్నటి చప్పుడు, చీకట్లో చూస్తే నీలం చుక్కలు. అదే జోరువాన కురిస్తే ఉప్పంతా కడుక్కుపోయి లైను మళ్లీ శుభ్రం. పుస్తకం జీకి ఒకే అంకె ఇస్తుంది. ఇక్కడ అది నెలను బట్టి, గంటను బట్టి మారుతుంది. ఏ కారణమూ లేకుండా తెల్లవారుజామున ఫీడర్ ట్రిప్ అయిందని ఎవరైనా అంటే, నేను ముందు అడిగేది చివరిసారి గట్టివాన ఎప్పుడు పడిందని.

సీ కథ ఇంకా పెద్దది. మా క్లాసులో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఉంటారు. వాళ్లలో ఒకమ్మాయి అడిగింది: “మాస్టారూ, మెయిన్‌ల్యాండ్ నుంచి కేబుల్లో నెట్ వచ్చింది కదా, కరెంటు ఎందుకు తేలేరు?” మంచి ప్రశ్న. ఈ దీవులకి దేశపు గ్రిడ్‌తో సంబంధం లేదు. డిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది, దాని సామర్థ్యం 5.25 మెగావాట్లు. కొంత సోలార్ ఉంది. ఎక్కువ భాగం ఓడల్లో తెచ్చుకునే డీజిల్ మీదే. “బోర్డు దగ్గరికి రామ్మా, నువ్వే కట్టి చూడు” అన్నాను.

స్తంభాల మీది లైనుతో మొదలుపెట్టింది. డాగ్ రకం కండక్టర్ వ్యాసార్థం 7 మిల్లీమీటర్లు, తీగల మధ్య ఎడం మీటరున్నర. ఆ రెండిటి నిష్పత్తికి లాగరిథం తీస్తే కెపాసిటెన్స్ కిలోమీటరుకు 0.01 మైక్రోఫారడ్ వచ్చింది. తర్వాత కేబుల్. లోపలి వ్యాసార్థం తొమ్మిదిన్నర, బయటిది పదిహేడున్నర మిల్లీమీటర్లు, మధ్యలో ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ ఇన్సులేషన్. అదే సూత్రంతో 0.2 మైక్రోఫారడ్. ఇరవై రెట్లు! ఎందుకో ఆ అమ్మాయే చెప్పింది: ఎడం తగ్గిపోయింది, మధ్యలో గాలి బదులు ప్లాస్టిక్ వచ్చింది. 33 కేవీ, 50 హెర్ట్జ్ దగ్గర ఆ కెపాసిటెన్స్‌ని నింపి ఖాళీ చేయడానికే కిలోమీటరుకు 1.2 ఆంపియర్లు కావాలి. చెన్నై నుంచి సుమారు 1,370 కిలోమీటర్లకి దాదాపు 1,640 ఆంపియర్లు. అసలు ఆ కేబుల్ మోయగలిగేదే సుమారు 350. అంటే దీవికి ఒక్క బల్బు వెలిగించకముందే కేబుల్ తనను తాను నింపుకోలేక చతికిలబడుతుంది. వోల్టేజీ పెంచితే ఆ కరెంటూ పెరుగుతుంది. అందుకే 2024లో వచ్చిన జాతీయ విద్యుత్ ప్రణాళికలో పారాదీప్ నుంచి అండమాన్‌కి అనుకున్న సముద్రగర్భ కేబుల్ డీసీ. డీసీలో కెపాసిటెన్స్ ఒకసారి నిండితే చాలు, ఆ తర్వాత స్థిరంగా మిగిలే అడ్డు రెసిస్టెన్స్ ఒక్కటే.

సముద్రం అడుగున కెపాసిటెన్స్ దెబ్బ మొదట తిన్నది టెలిగ్రాఫ్ వాళ్లు. కేబుల్ పొడవు రెట్టింపైతే సంకేతం ఆలస్యం నాలుగింతలవుతుందని విలియం థామ్సన్ (తర్వాత కెల్విన్ ప్రభువు) 1855 నాటికే లెక్క కట్టాడు. 1858లో అట్లాంటిక్ కేబుల్ మీద విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. వేగం కోసం ఎక్కువ వోల్టేజీ ఎక్కించారు, కొద్ది వారాల్లోనే కేబుల్ చచ్చిపోయింది. నాలుగు రాశుల్నీ ఒక్కచోట పెట్టి, ఆర్‌ని ఎల్‌తో భాగించినా జీని సీతో భాగించినా ఒకే విలువ వస్తే సంకేతం ఆకారం చెడదని ఆలివర్ హెవిసైడ్ తేల్చేసరికి 1880లు వచ్చాయి. ఆ సమీకరణంలో జీ కూడా ఉందని పిల్లలకి తప్పకుండా చూపిస్తాను.

2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ ఆప్టికల్ కేబుల్‌కి మాత్రం ఆ ఇబ్బంది లేదు, కబురు మోసేది కాంతి కాబట్టి. దాదాపు 2,300 కిలోమీటర్ల ఆ కేబుల్ చెన్నై నుంచి ఇక్కడికి వచ్చి, గ్రేట్ నికోబార్ దాకా దీవుల్ని కలుపుతుంది. అయితే దూరం పోయేకొద్దీ కాంతి సన్నగిల్లుతుంది, దారిలో రిపీటర్లు కావాలి, వాటికి కరెంటు కావాలి. ఇలాంటి కేబుళ్లలో ఫైబర్ చుట్టూ ఉండే రాగి గుండా వెళ్లే కరెంటు కూడా డీసీయే.

మెయిన్‌ల్యాండ్‌ని వదిలి దగ్గరి దీవిని తీసుకుంటే లెక్క తిరగబడుతుంది. హేవ్‌లాక్‌కి, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌కి, ఇదే కేబుల్ 40 కిలోమీటర్లు వేశామనుకోండి. 48 ఆంపియర్లే, ఏసీ సుఖంగా పోతుంది. చివర వోల్టేజీ పెరిగేది కూడా అర శాతమే. పిల్లలు అక్కడితో పెన్ను కింద పెడతారు. నేను పెట్టనివ్వను. ఆ 48 ఆంపియర్లంటే రియాక్టివ్ పవర్‌గా సుమారు 2.7 మెగావార్లు. రాత్రి రెండింటికి లోడ్ పడిపోయినప్పుడు అవి ఎవరు మింగాలి? గ్రిడ్ ఉన్నచోట ఎవరికీ పట్టదు. ఇక్కడ ఉన్నది డీజిల్ సెట్లు. లీడింగ్ పవర్ ఫ్యాక్టర్‌లో వాటి ఫీల్డ్ బలహీనపడి వోల్టేజీ అదుపు తప్పుతుంది. కాబట్టి ఆ మెగావార్లను మింగే షంట్ రియాక్టర్ పెట్టాలి. ఎక్కడ పెట్టాలన్నది ఈ ఏడు నేనిచ్చిన ప్రశ్న. దాదాపు సగం మంది పోర్ట్‌బ్లెయిర్ వైపన్నారు, దాదాపు అంతేమంది హేవ్‌లాక్ వైపన్నారు. చెరో కొసన 1.35 మెగావార్లు పెడితే కేబుల్లో ఎక్కడా 24 ఆంపియర్లకి మించి ఛార్జింగ్ కరెంటు ఉండదని ఇద్దరే రాశారు. వాళ్లలో బోర్డు దగ్గరికి వచ్చిన అమ్మాయి ఒకతె.