పలాయనము – చెఱసాల పాట

కళ నిత్యజీవితమునుండి పలాయనమను మాట మన విమర్శలో నిందగానే స్థిరపడినది. 1925లో వెలువడిన కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షము’ వంటి భావకవితా కృతులు మోసినది ఈ నిందనే. అయితే పాఱిపోవువాడు తనవెంట దేనిని కొనిపోయినాడని మనము విచారించితిమా?

ఈ విచారణకు గోలకొండ చెఱసాల తగిన తావు. తానాషా యేలుబడిలో (1672–1687) ఖజానా సొమ్ముతో భద్రాద్రి రామునకు గుడి కట్టించినందుకు కంచెర్ల గోపన్న పండ్రెండేండ్లు బందీగా నుండెనని ప్రతీతి. పాట తప్ప వేఱు దారి లేనివాడు, ఆ పాటలో దేనిని మఱచెను? ‘ఇక్ష్వాకుకులతిలక’ కీర్తనమున సీతమ్మకును, రాముని తమ్ములకును చేయించిన నగలను వెలలతో సహా లెక్కించి, ఆ సొమ్మెవరిదని రామునే నిలదీసెను; తుదకు దెబ్బలకోర్వలేక తిట్టితినని వేడుకొనెను. ఏ లెక్క తన్ను చెఱలో వేసినదో, ఆ లెక్కయే పాటయైనది.

రామదాసు కీర్తనలన్నియు నిట్టివి కావు. కేవల నామస్మరణములైన వానిలో చెఱసాల వినబడదు. వానిని మేము తక్కువ చేయము. అలసినవానికి విశ్రాంతియు వలయును. కాని విశ్రాంతి వేఱు, బలము వేఱు. పై కీర్తన తలుపు తెఱవలేదు; అయినను బందీని ఫిర్యాదిగా నిలిపినది. బాధతో మాటాడు ధైర్యమిచ్చు పలాయనమే ఆరోగ్యకరమని మా యభిప్రాయము. ఏ కవినైనను పలాయనవాది యనుటకు ముందు పరిశోధకు లాతని మూట విప్పి చూతురు గాక.