దయ్యం ఏమడిగింది?

పదిహేనేళ్ళ ఆడపిల్ల వున్న ఇంట్లో పుస్తకాల అలమార తెరిచి చూస్తే చాలు, కాలం ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది. మా అమ్మ అలమార నిండా యద్దనపూడి సులోచనారాణి నవలలు వుండేవి. మా అమ్మాయి అలమారలో అన్నీ నల్లట్టల పుస్తకాలే. అట్ట మీద ఒక కత్తి, కాకపోతే కిరీటం, అదీ కాకపోతే రెండు అరచేతుల్లో ఎర్రటి ఆపిల్ పండు. లోపల నెత్తురు తాగే పిశాచాలు, మంత్రగత్తెలు, పూర్వజన్మలు, నడిచొచ్చే చెట్లు! వీటిని ఇంగ్లీషులో ‘యంగ్ అడల్ట్ ఫాంటసీ’ అంటారు. దయ్యాలూ పిశాచాలూ ఎక్కువైతే ‘పారానార్మల్’ అంటారు. పన్నెండు దాటి పద్దెనిమిది నిండని పిల్లల కోసం రాసినవన్నమాట. వాళ్ళు నిద్రపోయాక ఆ పుస్తకం నెమ్మదిగా లాక్కుని చదివే అమ్మలూ తక్కువేం లేరు. నేనే సాక్ష్యం.

“ఎప్పుడు చూసినా ఆ దయ్యాల పుస్తకాలే, చదవనివ్వచ్చంటారా?” అని అడిగే తల్లులున్నారు. వద్దంటే వినే వయసు కాదు వాళ్ళది. పోనీ చదవనీ అని వదిలేద్దామా అంటే, వాటిలో మంచీ వుంది, చెడూ వుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుకోవలసిందే. ఏరడానికో చేట కావాలి గదా, ఆ చేట గురించే ఈ నాలుగు మాటలూ.

అట్ట వెనక మాటలు మాత్రం చేట కాదు. ప్రతి పుస్తకం వెనకా ఇది మరో ‘హారీ పాటర్’ అనో, ‘ట్విలైట్’ని తలదన్నే ప్రేమకథ అనో వుంటుంది. అవి పెళ్ళిళ్ళ పేరయ్య మాటల్లాంటివి. పిల్లాడికి ఉద్యోగం లేకపోతే “ఒకరి కింద పనిచేసే రకం కాదమ్మా” అంటాడు చూడండి, అలాగన్నమాట. కొత్త పుస్తకం చేతికొస్తే నేను అట్ట వెనక భాగం చివర చదువుతాను. ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటాను. ఈ కథలో దయ్యం మనిషిని ఏమడుగుతోంది?

ఈ ప్రశ్న నా సొంత తెలివి కాదు, ‘చందమామ’ పెట్టిన భిక్ష. 1947 జూలైలో మొదలై, దశాబ్దాల తరబడి తెలుగు పిల్లల్ని పెంచి, చివరికి ఆగిపోయిన ఆ పత్రికలో బేతాళ కథ లేని సంచిక వుండేదా? పాత ఇరవై అయిదు కథలూ అయిపోయాక కూడా కొత్తవి అల్లుతూ పోయారు. శంకర్ గీసిన ఆ బొమ్మ మీకూ గుర్తుండే వుంటుంది, చేత కత్తి, భుజాన శవం, పక్కన పుర్రెలు. ఆ శవంలోని బేతాళుడు రాజును కొరకడు, పీక పిసకడు. కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా పలక్కపోతే తల పగిలిపోతుందంటాడు. భయం అక్కడుంది, శవంలో లేదు. తెలిసిన నిజాన్ని నోరు విప్పి చెప్పగలవా లేదా అన్నదే పరీక్ష. దయ్యం కథకు ఇంతకన్న మంచి కొలత నాకు దొరకలేదు.

ఈ కొలతతో ముందు అందరికీ తెలిసిన పుస్తకాన్నే చూద్దాం. స్టెఫనీ మేయర్ ‘ట్విలైట్’ 2005లో వచ్చింది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, ఎప్పుడూ వాన కురిసే ఫోర్క్స్ అనే చిన్న వూరు. పదిహేడేళ్ళ బెల్లా అక్కడ తండ్రి దగ్గరికొచ్చి, ఎడ్వర్డ్ అనే సహాధ్యాయిని ప్రేమిస్తుంది. అతగాడు 1918లో విషజ్వరంతో చావబోతూ రక్తపిశాచిగా మారినవాడు. అప్పటినించీ పదిహేడేళ్ళ దగ్గరే ఆగిపోయాడు. అందగాడు, డబ్బున్నవాడు, పియానో వాయిస్తాడు, ఒక్క బెల్లావి తప్ప అందరి మనసుల్లో మాటలూ వినగలడు. ఈ వరస మనకు కొత్తా? కారు దిగి వచ్చే మన ఆరడుగుల నవలానాయకుడికి రెండు కోరలు తగిలిస్తే ఎడ్వర్డే! మేయర్‌కి చదివించే శక్తి లేదనను. వాన, పొగమంచు, కళాశాలకింకా వెళ్ళని పిల్లల తొలి తత్తరపాటు, అన్నీ బాగా పట్టుకుంది. పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు.

కానీ ఎడ్వర్డ్ ఆ పిల్లను ఏమడిగాడు? ఏమీ అడగలేదు. అడగకుండానే రాత్రుళ్ళు ఆమె గదిలోకొచ్చి నిద్రపోతుంటే చూస్తూ కూచున్నాడు. అడగకుండానే 2006లో వచ్చిన రెండో భాగంలో వదిలి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక ఆ పుస్తకంలో కొన్ని పేజీలు ఖాళీగా వుంటాయి, అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి అని నెలల పేర్లు తప్ప మరో అక్షరం వుండదు. దుఃఖాన్ని అలా చూపించడం గడుసుతనమే, కాదనను. అయితే ఆడపిల్ల తల్లిగా ఆ పేజీలు తిప్పుతుంటే నా గుండె గుబుక్కుమంది. అబ్బాయి పక్కన లేకపోతే పిల్ల బతుకులో రాయడానికి ఒక్క వాక్యం లేదన్నమాట!

బెల్లాని అన్నిటికీ రక్షించవలసిన అబలగా తీర్చారన్న విమర్శ మేయర్ చెవిన పడకపోలేదు. ‘ట్విలైట్’కి పదేళ్ళు నిండిన 2015లో ఆమె ‘లైఫ్ అండ్ డెత్’ అని అదే కథను ఆడవాళ్ళను మగవాళ్ళుగా, మగవాళ్ళను ఆడవాళ్ళుగా మార్చి మళ్ళీ రాసింది. ఆపద ఆడదానికని కాదు, పిశాచాల మధ్య చిక్కిన మనిషికి అని ఆమె వాదన. ఆ వాదనలో కొంత న్యాయం వుంది. ఇప్పుడు మూలిగే వంతు అబ్బాయిది, కాపాడే వంతు అమ్మాయిది. చదువుతుంటే నవ్వూ వస్తుంది, ఆలోచనా వస్తుంది. కానీ ముగింపులు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి కథలో పిశాచి కరిచినప్పుడు బెల్లా వంట్లోని విషాన్ని ఎడ్వర్డ్ పీల్చి తీసేస్తాడు. ఆమె కోరుకున్న అమరత్వం దక్కాలంటే నాలుగు లావుపాటి పుస్తకాలు, ఒక పెళ్ళి, ప్రాణం మీదికొచ్చిన ఒక పురుడు కావలసివచ్చాయి. అబ్బాయికో? మొదటి పుస్తకం చివరికే అమరత్వం ముట్టింది. పురుడూ లేదు, పుణ్యాహవచనమూ లేదు. రచయిత్రి కావాలని చేసిందనను. కలం కూడా ఒక్కోసారి అలవాటుకొద్దీ నడుస్తుంది.

ఈ మాట మన నవలల్ని వెనకేసుకొచ్చి అనడం లేదు. అయినా ‘సెక్రటరీ’లో జయంతిని తలుచుకోండి. రాజశేఖరం ఎంత గొప్పవాడైనా ఆ పిల్లకు ఒక ఉద్యోగం వుంది, ఇంట్లో బామ్మ వుంది, అన్నిటికీ మించి ఆత్మాభిమానం వుంది. కలల నాయకుణ్ణి సృష్టించారని ఆనాటి రచయిత్రుల్ని ఎంతమంది ఎన్ని మాటలన్నారో! తన మర్యాద తను నిలుపుకోవాలన్న పట్టుదల మాత్రం జయంతికి ఆ కలలోనే వుంది.

సరే, ఒక్క ‘ట్విలైట్’ దగ్గరే కూచుంటే ఎలా? ఆ తర్వాత వచ్చిన వాటిలో మనకు బాగా దగ్గరగా తోచేది రోషనీ చోక్షీ రాసిన ‘ది స్టార్ టచ్డ్ క్వీన్’, 2016 నాటిది. మాయ అనే రాజకుమారి జాతకంలో మృత్యువుతో పెళ్ళి అని రాసివుంది. అంతఃపురంలో ఆడవాళ్ళంతా ఆమెను చూసి మొహాలు తిప్పుకుంటారు. జాతకదోషం పేరుతో పెళ్ళి ఆగిపోయిన పిల్లలున్న మన ఇళ్ళలో ఇది కట్టుకథ అనిపిస్తుందా చెప్పండి! అమర్ అనే అపరిచితుడు ఆమెను చేపట్టి, సగం సింహాసనం ఇస్తానంటాడు. అమావాస్య దాకా నన్నేమీ అడక్కు, నమ్ము అంటాడు. ప్రశ్న అదీ. ఏమీ చెప్పని మొగుణ్ణి ఎంతవరకు నమ్మాలి? అతనెవరో సావిత్రి కథ విన్నవాళ్ళకు త్వరగానే తెలిసిపోతుంది. తెలిసినా చదివిస్తుంది. నాకున్న ఫిర్యాదల్లా వర్ణనల మీదే. ప్రతి గదికీ, ప్రతి పండుకీ, ప్రతి చూపుకీ ఉపమానమే. పాయసంలో బెల్లం, పైన పంచదార, ఆ పైన తేనె! నడుమ కమల అనే మనుషుల్ని తినే గుర్రం వచ్చి వెటకారాలాడుతుంటే కాస్త మిరపకాయ బజ్జీ కొరికినట్టు ప్రాణం లేచొస్తుంది.

న్నెడి ఒకొరాఫర్ ‘అకాటా విచ్’ 2011లో వచ్చింది. నైజీరియా నేపథ్యం. పన్నెండేళ్ళ సన్నీ ఒళ్ళూ జుట్టూ తెల్లబారి పుట్టిన పిల్ల. ఎండలోకి వెళ్ళలేదు, కానీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మంత్రశక్తి గలవాళ్ళ లోకంలో అడుగుపెట్టాక, నలుగురు పిల్లలు కలిసి చిన్నపిల్లల్ని ఎత్తుకుపోయే దుర్మార్గుణ్ణి ఎదుర్కోవలసి వస్తుంది. ఈ పుస్తకంలో నాకెంతో నచ్చిన సంగతొకటి చెబుతాను. ఆ లోకపు డబ్బు బ్యాంకులో దొరకదు, కొత్త విషయం నేర్చుకున్నప్పుడల్లా ఆకాశంలోంచి నాణేలు రాలిపడతాయి! లెక్కల పుస్తకం ముందు కునికే పిల్లలకు ఇంతకన్న చక్కని ఆశ ఎవరు పెట్టగలరు? ఇక్కడ మంత్రం అడిగేది, నువ్వేం నేర్చుకున్నావని. దుర్మార్గుడితో పోరాటం మాత్రం చివర్లో పదినిమిషాల్లో తేలిపోయింది. అంతసేపు పిండి రుబ్బి ఒక్క అట్టుతో సరిపెట్టినట్టుంది.

ట్రేసీ డియోన్ రాసిన ‘లెజెండ్‌బోర్న్’ 2020 నాటిది. పదహారేళ్ళ బ్రీ, నల్లజాతి పిల్ల. తల్లితో మాటామాటా అనుకున్న కొద్దిసేపటికే తల్లి కారు ప్రమాదంలో పోతుంది. ఆ దుఃఖంతోనే విశ్వవిద్యాలయంలో చేరితే, అక్కడ ఆర్థర్ రాజు వీరుల వారసులమనే తెల్లవాళ్ళ రహస్యకూటమి ఒకటి కనిపిస్తుంది. వాళ్ళ మంత్రం వంశపటాల మీద ఆధారపడింది. బ్రీ పూర్వీకులు బానిసలు, వాళ్ళకు వంశపటం ఎవరు రాసిపెట్టారు? వాళ్ళ విద్య అమ్మనించి కూతురికి, అమ్మమ్మనించి మనవరాలికి వచ్చింది. ఆ రెండు కథలూ కలిసే ముడి ఎక్కడుందో చెప్పి మీ సరదా పాడుచెయ్యను. ఆ ముడిలో ఒక బానిస స్త్రీ కన్నీళ్ళున్నాయి. దాదాపు 500 పేజీలు, బోలెడన్ని పదవులు, హోదాలు, ఇంటిపేర్లు. మొదటి వంద పేజీల్లో కాగితం మీద చుట్టరికాలు రాసుకుంటే గానీ దారి తెలియదు. ఓపిక పట్టండి. నీ వెనకున్న ఆడవాళ్ళెవరో నీకు తెలుసా అని అడుగుతుందా పుస్తకం.

అన్నిటికన్న చిన్నదీ, అన్నిటికన్న బరువైనదీ 2011లో వచ్చిన పాట్రిక్ నెస్ ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’. సియోబాన్ డౌడ్ అనే రచయిత్రి ఈ కథ ఊహించి, పూర్తిగా రాయకుండానే 2007లో క్యాన్సర్‌తో పోయింది. ఆ ఊహను నెస్ పూర్తిచేశాడు. పదమూడేళ్ళ కోనర్ తల్లికి జబ్బు. రాత్రి 12 గంటల 7 నిమిషాలకు పెరటి అవతలి చెట్టు రాక్షసుడై లేచి వస్తుంది. నేను మూడు కథలు చెబుతాను, నాలుగోది నువ్వు చెప్పాలి, అదీ నిజం చెప్పాలి అంటుంది. చూశారూ, మన బేతాళుడే! ఆ పిల్లాడు చెప్పవలసిన నిజం, మంచాన పడ్డవాళ్ళకు ఏళ్ళ తరబడి సేవచేసిన ప్రతి ఆడదీ ఏదో ఒక రాత్రి మనసులో అనుకుని చెంపలేసుకున్నదే. ఈ బాధ ఎలాగైనా అయిపోతే బాగుండునని. ఆ మాట అనుకున్నంత మాత్రాన ప్రేమ లేనట్టు కాదని ఒక చెట్టు చేత చెప్పించాడు నెస్. పిల్లలకని రాసిన ఆ పుస్తకం ఇంట్లో రోగిని చూసుకుంటున్న పెద్దవాళ్ళు చదవాలి.

ఇన్ని పుస్తకాలు చదివాక నాకు తోచిందొకటే. మన యండమూరి ‘తులసిదళం’లో చేతబడి చిన్నపిల్ల మీదికొస్తే, దాన్ని తప్పించడానికి పరుగులు పెట్టినవాళ్ళు పెద్దవాళ్ళు. ఈ పుస్తకాల్లో అలా కుదరదు. ప్రశ్న పిల్లనే అడుగుతారు, జవాబూ పిల్లే చెప్పుకోవాలి. పక్కన అమ్మ వుండదు. పోయివుంటుంది, లేదా దూరాన వుంటుంది, లేదా మంచం పట్టివుంటుంది. మొదట్లో నాకు కోపం వచ్చేది, రచయితలంతా తల్లుల మీద కత్తిగట్టారేమిటని! తర్వాత అర్థమయింది. పదిహేనేళ్ళ పిల్ల చదివేది అమ్మ లేని చోట తను ఏం జవాబు చెబుతుందో చూసుకోవడానికే. రేపు హాస్టల్లో, ఉద్యోగంలో, అత్తింట్లో ఎలాగూ ఆ పని తప్పదు గదా.

కాబట్టి పుస్తకం లాక్కోకండి. పిల్ల చదివాక మీరూ చదవండి. ఇంగ్లీషు కొంచెం కష్టమనిపిస్తే కథ చెప్పమని దాన్నే అడగండి, చారు పోపు పెడుతూ వినండి. అంతా విన్నాక ఒక్క మాట అడగండి: “ఇంతకీ ఆ దయ్యం ఆ పిల్లనేమడిగిందే?” పిల్ల తడుముకోకుండా చెబితే అది మంచి పుస్తకం. “ఏమీ అడగలేదమ్మా, ఊరికే ప్రేమించాడు” అంటే మటుకు, స్టవ్ కట్టేసి ఆ పిల్ల పక్కన కాసేపు కూచోండి. ఆ పుస్తకం అడగని ప్రశ్న అప్పుడు మీరే అడగాలి.