నాయికకు ఇంటిపేరేదీ?

మొన్నామధ్య చెంగిచెర్లలో, మా వీధి చివర కూరగాయల బండి దగ్గర, పక్కింటావిడ నన్ను నిలేసింది.

"అక్కా, మీ నవల చదివిన. మామకు ఇంటిపేరుంది, మొగునికుంది, ఆఖరికి ఇల్లు కిరాయికిచ్చినాయనకు గూడ ఉంది. మరి ఆ పిల్లకేది?"

బెండకాయలు ఏరుతున్న నా చెయ్యి ఆగిపోయింది. నిజమే సుమండీ! మూడొందల పేజీల్లో నా నాయికకు ఇంటిపేరు పెట్టాలనే తోచలేదు.

ఇది నా ఒక్కదాని పొరపాటైతే ఈ వ్యాసం రాసేదాన్నే కాదు. మన నవలల్లో చాలావాటిలో ఇంటిపేరు రెండు పనులకే వస్తుంది. ఒకటి, పెద్దమనిషి వంశగౌరవం చాటడానికి. రెండు, నవ్వించడానికి. పప్పువారి అబ్బాయికి ఉప్పువారి అమ్మాయి అంటే చాలు, సగం హాస్యం తయారు! నాయిక మాత్రం ఉత్త రాధో, ఉత్త సుజాతో. పుట్టింటి పేరు రేపో మాపో పోయేదే, అత్తింటిది ఇంకా రాలేదు, మధ్యన రాయడమెందుకని కాబోలు.

అసలు ఇంటిపేరంటే ఏమిటి? మనవాటిలో చాలా భాగం ఊళ్ల పేర్లే. కందుకూరు నుంచి వచ్చినవారు కందుకూరివారు. కిటుకంతా ఆ చివరి 'రి'లో ఉంది. కందుకూరి అంటే కందుకూరుకు చెందిన అని. మనిషి దేనికి చెందుతాడో చెప్పడమే దాని పని. కొంకణంలో స్థిరపడ్డ బెనె ఇస్రాయెల్ యూదులదీ ఇదే పద్ధతి. పేణ్ ఊరివారు పేణ్‌కర్లయ్యారు.

యూరప్ యూదుల కథ వేరు. అక్కడ చాలామంది 'ఫలానా ఆయన కొడుకు' అన్న పిలుపుతోనే సరిపెట్టుకునేవారు. 1787లో ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ తన రాజ్యంలోని యూదులంతా స్థిరమైన జర్మన్ ఇంటిపేర్లు పెట్టుకోవాలని శాసించాడు. 1808లో నెపోలియన్ కూడా స్థిరమైన ఇంటిపేరు ఉండాలన్నాడు. సర్కారుకు లెక్కలు కావాలి కదా! అయితే తూర్పు యూరప్‌లో కొన్ని కుటుంబాలు తల్లి పేరునే ఇంటిపేరు చేసుకున్నాయి. రివ్కా అనే ఆవిడ సంతతి రివ్కిన్‌లు. ద్వోర్కా అనే ఆవిడ సంతతి ద్వోర్కిన్‌లు.

ఎంత బావుందో అని మురిసిపోయాను. తీరా చూస్తే మన ఇంట్లోనే ఉందిగా! శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి, ఆయన కొడుకు వాసిష్ఠీపుత్ర పులోమావి. ముందు తల్లిని చెప్పి, ఆ తర్వాతే తమను చెప్పుకున్నారు.

మగవాళ్ల ఇంటిపేర్లూ మారతాయి. కొంపెల్లవారింట పుట్టిన చలం దత్తత వెళ్లి గుడిపాటివారయ్యారు. పూడిపెద్దివారి బిడ్డ శ్రీశ్రీ దత్తతతోనే శ్రీరంగంవారయ్యారు. అది జీవితచరిత్రల్లో చెప్పుకోదగ్గ విశేషం. అదే మార్పు పెళ్లితో ఆడపిల్లకు జరిగితే విశేషమే కాదు! రంగనాయకమ్మగారి తొలి పుస్తకాల మీద 'ముప్పాళ' ఉండేది. తర్వాత ఆవిడ దాన్ని తీసేసి వట్టి రంగనాయకమ్మగా నిలిచారు. ఇంటిపేరు వద్దనుకోవడం ఒక నిర్ణయం. నా నాయిక అలా వద్దనుకోలేదు, నేనే మరిచిపోయాను. రచయిత్రిగా నా తప్పు అక్కడుంది.

ఇంటికొచ్చి మా అమ్మాయిని అడిగాను, "అమ్మమ్మ పుట్టింటిపేరేమిటే?" అని. తెల్లమొహం వేసింది. రెండు తరాలు తిరక్కుండానే ఒక ఇల్లు చెరిగిపోయిందన్నమాట! మీ ఇళ్లలోనూ అడిగి చూడండి.

సాయంత్రం పక్కింటి తలుపు తట్టాను. "మీ అమ్మగారి పుట్టింటిపేరేమిటమ్మా?"

ఆవిడ ఓ క్షణం ఆగి, నెమ్మదిగా చెప్పింది. ఆ పైన, "ఇన్నేండ్లల్ల నన్నెవ్వరు అడగలేదక్కా" అంది.

ఆవిడ ఒప్పుకుంది. రెండో ముద్రణలో నా నాయికకు ఆ ఇంటిపేరే.