సరుకుల సంచి మోయగలిగారా?

గుండె ఎలా కొట్టుకుంటోందో ఈసీజీ తీస్తే తెలుస్తుంది. ఆ గుండెతో మనిషికి రోజు ఎలా గడుస్తోందో తెలియాలంటే మనిషినే అడగాలి. అలా అడగడం ఒక విద్య. ఆ విద్యలో ఆరితేరిన చేతుల పని సియాటిల్ యాంజైనా ప్రశ్నావళి. యాంజైనా అంటే గుండెజబ్బువల్ల వచ్చే ఛాతీనొప్పి. అమెరికా హృద్రోగ వైద్యుడు జాన్ స్పెర్టస్, ఆయన సహచరులు 1995లో దీన్ని వెలువరించారు. ఉన్నవి 19 ప్రశ్నలే.

మొదటి వరస చూడండి. బట్టలు వేసుకోవడం, ఇంట్లో నడవడం, స్నానం, ఆగకుండా మెట్లెక్కడం, సరుకుల సంచి మోయడం, పరుగెత్తడం... గత 4 వారాల్లో ఛాతీనొప్పి వీటిలో దేనికి ఎంత అడ్డుపడిందని అడుగుతారు. తేలిక పనితో మొదలై కష్టమైన పనిదాకా వెళ్తుంది వరస. నాకు అన్నిటికన్నా నచ్చింది జవాబుల్లో చివరి గడి: వేరే కారణంవల్ల ఆ పని చేయలేదని చెప్పే చోటు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కని పెద్దావిడ కష్టం గుండె ఖాతాలో పడకుండా ఆ చిన్న గడి కాపాడుతుంది.

తర్వాత నొప్పి ఎన్నిసార్లు వచ్చింది, వైద్యం తృప్తిగా ఉందా అని అడిగి, ఉన్నట్టుండి ప్రాణం పోతుందేమోనన్న దిగులు దాకా వెళ్తారు. ప్రశ్నలన్నీ ఐదు అంశాల కిందికి వస్తాయి; ఒక్కో అంశానికీ విడివిడిగా 0 నుంచి 100 దాకా మార్కులు. కాబట్టి నొప్పి తగ్గినా భయం తగ్గకపోతే అది కనబడుతుంది.

ఈ మార్కులు సిగరెట్ సంగతి కూడా తేల్చాయి. గుండెజబ్బు వచ్చాక సిగరెట్ మానమంటే "ఉన్న ఆ ఒక్క సుఖమూ లేకుండా చేస్తారా" అంటారు చాలామంది. ఈ ప్రశ్నావళితో చేసిన పరిశీలనలు మరోలా చెప్పాయి. గుండెపోటు తర్వాత కూడా మాననివాళ్లకే ఛాతీనొప్పి ఎక్కువ. మానేసినవాళ్ల పరిస్థితి ఎన్నడూ తాగనివాళ్లకు దగ్గరగా వచ్చింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది, నికోటిన్ గుండె వేగం పెంచుతుంది. తిండి తగ్గించి చాకిరీ పెంచినట్టు! ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం, మానేస్తే మళ్లీ గుండెపోటు వంటి ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. జీవన నాణ్యత దిగజారకపోగా కాస్త మెరుగవుతుంది.

ఇంత తేల్చిన ఆ 19 ప్రశ్నల్లో సిగరెట్ ఊసే లేదు. మందలింపు లేదు, నీతిబోధ లేదు. మెట్లెక్కగలిగారా, సంచి మోయగలిగారా అని మర్యాదగా అడుగుతుంది, అంతే. దాచుకోవాల్సిన అవసరమేమీ లేని ప్రశ్నకు మనిషి నిజమే చెబుతాడు. ఆ నిజంలోనే పొగ లాక్కున్న సుఖాల లెక్క కూడా బయటపడుతుంది.