చేటలో గింజలు, లాప్‌టాప్‌లో శబ్దాలు

మా వీధిలో డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా జబ్బుపడ్డ కుర్రాడొకడున్నాడు. ఎవరో తిడుతున్నట్టు చెవిలో మాటలు వినబడేవి. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, ఊళ్లన్నీ తిప్పారు. డాక్టరు దగ్గరికి చేరేసరికి ఆరు నెలలు పోయాయి. ఆ ఆరు నెలలు తలుచుకుంటే నాకిప్పటికీ మనసు పిండినట్టవుతుంది. మందులు పడ్డాక మాటలు ఆగిపోయాయి, గండం గడిచిందనుకున్నారు.

ఒక సాయంత్రం వాళ్లమ్మ కొట్టుకు పంపింది: కందిపప్పు, చింతపండు, అగ్గిపెట్టె. వాడు అగ్గిపెట్టె ఒక్కటే పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మిగతావేవిరా నాన్నా?" అంటే, చేతిలో మిగిలిన చిల్లరకేసి చూస్తూ ఉండిపోయాడు. చుట్టాలు బద్ధకమన్నారు. ఆ మాట తప్పు. జబ్బు పట్టుకున్నవాటిలో జ్ఞాపకం కూడా ఒకటి.

ఇలాంటి జబ్బును సైకోసిస్ అంటారు. అందులో మందులు అణచేది ముఖ్యంగా భ్రమల్ని, చెవిలోని మాటల్ని. ధ్యాస నిలవడం, విన్నది గుర్తుండటం, పనిని వరసపెట్టుకోవడం, వీటికి మందులు చేసే మేలు చాలా తక్కువ. మళ్లీ కాలేజీకి వెళ్లాలన్నా, కొట్లో కూర్చోవాలన్నా కావలసినవి ఇవేనని అమెరికా శాస్త్రవేత్త మైఖేల్ గ్రీన్ 1996లోనే అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని కూడగట్టి చూపించారు. ఆ లోటును సాధనతో పూడ్చడానికి పుట్టిందే కాగ్నిటివ్ ట్రైనింగ్. జబ్బు కొత్తలోనే ఆ సాధన చేయించిన రెండు ప్రయత్నాల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది కాలిఫోర్నియాది. సోఫియా వినోగ్రాడోవ్, మెలిస్సా ఫిషర్ బృందం జబ్బు ఈమధ్యే మొదలైన 86 మంది యువతీయువకులను తీసుకుంది. ఇంట్లో వాడుకోమని లాప్‌టాప్‌లు ఎరువిచ్చింది. సగం మందికి మామూలు కంప్యూటర్ ఆటలు, సగం మందికి చెవికి సంబంధించిన సాధన. ధ్వని పైకి పోతోందా, కిందికి దిగుతోందా? వినబడింది ఏ అక్షరం? సరిగా చెప్పేకొద్దీ లెక్క కష్టమవుతుంది. 8 వారాల్లో 40 గంటల సాధన. 2015లో వెలువడిన ఫలితాల్లో సాధన చేసినవాళ్లకు విన్నది గుర్తుపెట్టుకునే శక్తి, చిక్కు విప్పే శక్తి మెరుగయ్యాయి.

రెండోది బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌ది. శాంతల హెగ్డే, శోభిని రావు తదితరులు 2012లో ప్రచురించారు. మొదటిసారి జబ్బుపడినవాళ్లకు రోజువారీ వైద్యంతో పాటు, ఇంట్లో తమవాళ్ల పర్యవేక్షణలో రెండు నెలల సాధన. నిమ్హాన్స్ సాధనల్లో గింజలు వేరుచేయడం ఒకటి, అక్షరాల వరసల్లో చెప్పిన అక్షరాన్ని కొట్టేయడం ఇంకొకటి. మన ఇంట్లో అయితే చేటలో పెసలు, కందులు, మినుములు కలిపి ముందు పెడతాం. పక్కన గడియారం. ఎంతసేపట్లో వేరుచేశాడు, ఎన్ని గింజలు తప్పు కుప్పలో పడ్డాయి అని లెక్క రాస్తాం. నాలుగు రోజులు పోయాక ఇంకో రకం గింజ కలుపుతాం. కరెంటు అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు.

నా మొగ్గు చేట వైపే. కానీ అభిమానం కొద్దీ లెక్క మార్చలేను. నిమ్హాన్స్ అధ్యయనం 45 మందితో చేసిన చిన్నది. దాని మీద మేడ కట్టలేం. కాలిఫోర్నియా వాళ్ల కొలత బిగువైనది. అవతలి సగానికి కూడా కంప్యూటర్ ఆటలే ఇచ్చారు కనుక, కాలక్షేపం వల్ల వచ్చిన మేలు ఏదో, సాధన వల్ల వచ్చిన మేలు ఏదో విడదీయగలిగారు.

అయితే పరీక్షలో మార్కులు పెరిగితే బతుకు తెరువు దొరికినట్టేనా? ఇటలీకి చెందిన ఆంటోనియో వీటా బృందం 2021లో 130 అధ్యయనాల్ని, 8,851 మంది వివరాల్ని కలిపి చూసింది. మేలు నిజమే, కానీ కొద్దిపాటిది. శిక్షణ పొందిన మనిషి పక్కన ఉండి, కిటుకులు నేర్పి, దాన్ని పనితోనో చదువుతోనో కలిపినచోట ఎక్కువ ఫలితం కనబడింది. లాప్‌టాప్ ఒక్కటే అయినా, చేట ఒక్కటే అయినా సగం వైద్యమే. మూడు సరుకులకు మూడు వేళ్లు మడుచుకోమని నేర్పాలి. చేటలో కుదిరిన చెయ్యి అంబాజీపేట కొబ్బరి కొట్లో కాయలు సైజులవారీగా వేరుచేసే పనికి వెళ్లాలి. అప్పుడే అది కోలుకోవడం.

ఇల్లు ఎంత బలమో చెన్నై చూపింది. అక్కడి స్కార్ఫ్ సంస్థ, కెనడాలో మాంట్రియాల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం కలిసి తొలిసారి సైకోసిస్ వచ్చినవాళ్లను రెండేళ్లు గమనించాయి. భ్రమలు తగ్గడంలో పెద్ద తేడా లేదు. ముడుచుకుపోవడం, మాట తగ్గిపోవడం వంటి లక్షణాల్లో మాత్రం మాంట్రియాల్ కంటే చెన్నై వాళ్లే బాగా కోలుకున్నారు. ఇంటివాళ్లు వైద్యులతో కలిసి నడవడమూ చెన్నైలోనే ఎక్కువ.

ఇక్కడే మా కోనసీమకు ఒక చిక్కుంది. రాజోలు వైపు ఎన్నో ఇళ్లలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది. ఇంట్లో మిగిలేది నాయనమ్మ, సెల్‌ఫోన్. ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారని నమ్ముకున్న బెంగళూరు పద్ధతి ఈ ఇళ్లలో కుంటుపడుతుంది. ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లి మందులు తెచ్చుకోగలం. వారం వారం సాధన కోసం వెళ్లిరావడం కూలికి పోయే ఇంటికి సాగదు. 2022లో జిల్లా అయిన కోనసీమకు, అమలాపురం, కొత్తపేట, రాజోలు ఆసుపత్రుల్లో వారానికో రోజు కూర్చుని నాయనమ్మకు కూడా నేర్పగలిగే శిక్షితులు కావాలి. ఈ డిమాండు మనం గట్టిగా పెట్టాలి.

ఈలోగా మీ ఇంట్లో పిల్లవాడు ఉన్నట్టుండి చదువులో జారిపోయి, ఒంటరిగా గొణుక్కుంటూ ఉంటే తాయెత్తు దగ్గర ఆగకండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడతారు. మందులు మొదలయ్యాక, జ్ఞాపకానికి, ధ్యాసకు ఏ సాధన చేయించాలని డాక్టరుగారిని అడగండి.